పాత ఇంటికి శక్తి పొదుపు మరమ్మతులు: నెల ఖర్చు నిజంగా తగ్గుతుందా?

అడిగిన ప్రశ్న: "మాది పాత అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. స్లాబ్ కారుతోంది కాబట్టి ఎలాగూ రిపేర్లు చేయించాలి. ఇన్సులేషన్ అని ఒకరు, రెండద్దాల కిటికీలు అని ఒకరు, సోలార్ అని ఇంకొకరు చెబుతున్నారు. అన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతోంది. ఇవన్నీ డబ్బున్నవాళ్లకే కదా? మామూలు కుటుంబానికి ఇంటి భారం తగ్గడానికి ఇవి నిజంగా పనికొస్తాయా?"

ఇళ్లలో కరెంటు, గ్యాస్ ఎక్కడ వృథా అవుతున్నాయో వెతికి చెప్పడం నా వృత్తి. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. పనికొస్తాయనే నా జవాబు. అయితే రెండు షరతులున్నాయి. పనులు సరైన వరుసలో జరగాలి. వాటి కోసం తెచ్చిన అప్పు గడువు, ఆ పని మన్నే కాలానికి దగ్గరగా ఉండాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా మీరు భయపడినట్టే అవుతుంది.

ముందు ఇల్లు "అందుబాటులో" ఉండటం అంటే ఏమిటో చూద్దాం. అమెరికా గృహనిర్మాణ శాఖ వాడే కొలమానం ప్రకారం, ఇంటి ఖర్చు కుటుంబ ఆదాయంలో 30 శాతం మించకపోతే ఆ ఇల్లు ఆ కుటుంబానికి అందుబాటులో ఉన్నట్టు. ఆ 30 శాతంలో అద్దె లేదా వాయిదాతో పాటు కరెంటు, గ్యాస్, నీళ్ల బిల్లులు కూడా ఉంటాయి. చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. బిల్డర్ చెప్పేది ధర, బ్యాంకు చూసేది ధర, మనం బేరమాడేదీ ధరే. కానీ నెలనెలా జేబులోంచి పోయేది మొత్తం. కట్టేటప్పుడు ఇన్సులేషన్, అంటే వేడి దాటకుండా ఆపే పొర, ఎగ్గొట్టి చవగ్గా అమ్మిన ఇల్లు వేసవిలో పొయ్యిలా కాగుతుంది, చలికాలంలో గడ్డకట్టిస్తుంది. బిల్డర్ అప్పుడు మిగుల్చుకున్న డబ్బును అందులో ఉండేవాళ్లు ఏళ్ల తరబడి బిల్లుల రూపంలో కడుతూనే ఉంటారు.

అప్పు సంగతి ఒక లెక్కతో చెబుతాను. అంకెలు నేను ఉదాహరణకు పెట్టినవే. ఇంటి అప్పు 1,00,000 అనుకుందాం. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు. నెల వాయిదా సుమారు 836 వస్తుంది. శక్తి పొదుపు పనులకు ఇంకో 3,000 అయింది. దాన్ని ఇదే అప్పులో కలిపితే వాయిదా 25 పెరుగుతుంది. నెల బిల్లు 80 నుంచి 40కి తగ్గితే మొదటి నెల నుంచే 15 మిగులు. ఇప్పుడు అదే 3,000ను 12 శాతం వడ్డీకి, 5 ఏళ్ల గడువుతో పర్సనల్ లోన్‌గా తెచ్చారనుకోండి. వాయిదా సుమారు 67. బిల్లులో తగ్గేది అదే 40. అంటే ఐదేళ్ల పాటు నెలకు 27 చేతినుంచి పడుతుంది. ఇల్లు మారలేదు, పని మారలేదు. కలిసొచ్చిన పని భారమైపోయింది, అంతే. పైకప్పు ఇన్సులేషన్ సరిగా వేస్తే దశాబ్దాలు ఉంటుంది. దానికి ఐదేళ్ల అప్పు తేవడం నేను చూసే తప్పుల్లో అన్నిటికన్నా సాధారణమైనది.

బ్రిటన్‌లో ప్రభుత్వమే ఈ విషయంలో దెబ్బతింది. 2013లో "గ్రీన్ డీల్" అని ఒక పథకం తెచ్చారు. ఇంటికి మరమ్మతులు చేయించుకుంటే ఆ అప్పు కరెంటు బిల్లుతో పాటు వసూలవుతుంది. వాయిదా, అంచనా వేసిన ఆదాను మించకూడదు. ఆలోచన చక్కగా ఉంది. కానీ వడ్డీ 7 శాతం, ఆపైన ఉండటంతో జనం ముందుకు రాలేదు. 2015లో నిధులు ఆపేసే సమయానికి సుమారు 14 వేల ఇళ్లే ఆ అప్పు తీసుకున్నాయి. వడ్డీ ఎక్కువైతే ఎంత మంచి ఇన్సులేషనైనా గట్టెక్కించలేదు.

ఇక పనుల వరుస. మీది పై అంతస్తు కాబట్టి మొదటి మాట పైకప్పు గురించే.

15 సెంటీమీటర్ల మామూలు కాంక్రీటు స్లాబ్ తీసుకోండి. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే ప్రతి చదరపు మీటరు గుండా సుమారు 3.5 వాట్ల వేడి దాటుతుంది. దాని మీద 5 సెంటీమీటర్ల మంచి ఇన్సులేషన్ పలకలు వేస్తే అది సుమారు 0.5కు పడిపోతుంది. 10 సెంటీమీటర్లు వేస్తే 0.28. వంద చదరపు మీటర్ల కప్పుకు, 15 డిగ్రీల తేడా ఉన్న సమయానికి లెక్క కట్టండి: ఏమీ లేకపోతే 5,250 వాట్లు, 5 సెంటీమీటర్లతో 765, పదితో 415. ఆ వేడిని బయటికి తోడే ఏసీ, ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తోస్తుందనుకుంటే, ఒక్క కప్పు కోసం లాగే కరెంటు 1,750 వాట్ల నుంచి 255కు, తర్వాత 140కి దిగుతుంది.

ఈ అంకెల మీద కాసేపు ఆగండి. పనిలో 85 శాతం మొదటి 5 సెంటీమీటర్లే చేసేశాయి. రెండో 5 సెంటీమీటర్లు కలిపింది ఏడు శాతం లోపే. "ఎంత మందం ఉంటే అంత మంచిది" అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కానీ బడ్జెట్ తక్కువ ఉన్న కుటుంబానికి అది చెడ్డ సలహా. మిగిలిన డబ్బు ఇంకోచోట పెడితే అంతకంటే ఎక్కువ పని చేస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కురిసే చోట మాత్రం లెక్క మారుతుంది. అక్కడ లోపలికీ బయటికీ తేడా 30, 40 డిగ్రీలుండి నెలల తరబడి అలాగే కొనసాగుతుంది కాబట్టి మందం కూడా గిట్టుబాటవుతుంది.

మీ స్లాబ్ కారుతోందన్నారు. అది ముందు బాగుపడాలి. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే. వాటర్‌ప్రూఫింగ్ పొర వేసి, దాని మీద నీళ్లు పీల్చని రకం పలకలు పరిచి, పైన టైల్స్ గానీ పలుచని కాంక్రీటు గానీ వేసే పద్ధతి ఉంది. ఆ పలకలు వాటర్‌ప్రూఫింగ్ పొరను ఎండ నుంచి కాపాడతాయి కాబట్టి అది కూడా ఎక్కువ కాలం మన్నుతుంది. వేడి ప్రాంతమైతే పైపొర తెల్లగా ఉండేలా చూడండి. శుభ్రంగా ఉన్న తెల్లటి కప్పు మీద పడ్డ ఎండలో 80 శాతం దాకా వెనక్కి పోతుంది. నల్లటి కప్పు చాలామటుకు మింగేస్తుంది. దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది, అప్పుడప్పుడూ కడగాలి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకోటి లేదు.

తర్వాత కిటికీల మీద ఎండ. అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ చేయగలిగేది తక్కువ, వేడి చాలామటుకు అప్పటికే గదిలో ఉంది. బయటే ఆపాలి. కిటికీ పైన బయటివైపు కిందికి వాలే పందిరి (ఆనింగ్) కడితే వేసవిలో ఎండ వేడి దక్షిణం కిటికీకి 65 శాతం వరకు, పడమర కిటికీకి 77 శాతం వరకు తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది. అడ్డంగా ఉండే మామూలు సన్‌షేడ్ ముందుకు ఎంత చాచినా చాలదు. అక్కడ నిలువు పట్టీలు గానీ బయట వేలాడే తెర గానీ పెట్టండి. రెండద్దాల కిటికీలు మంచివే, కానీ వాటి ధరకు ఆదా చాలా నెమ్మదిగా తిరిగొస్తుంది. ఉన్న ఫ్రేములు పుచ్చిపోయి ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు వేయించుకోండి. ఈలోగా సందులకు రబ్బరు పట్టీలు వేస్తే చాలు.

ఆ సందులు చిన్న విషయం కాదు. చల్లని ప్రాంతాల్లోనైతే ఇంటి వేడిలో పెద్ద వాటా వాటిలోంచే పోతుంది. మేము తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లో గాలి ఒత్తిడి తగ్గించి, గాలి ఎక్కడినుంచి దూరుతోందో కొలుస్తాం. మీరైతే గాలి వీచే రోజున వెలిగించిన అగరువత్తిని కిటికీ ఫ్రేము చుట్టూ, పైపులు గోడలోంచి వచ్చే చోట, ఏసీ రంధ్రం దగ్గర తిప్పి చూడండి. పొగ పక్కకు వంగితే అక్కడ సందు ఉన్నట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. నా తొలి రోజుల్లో ఒక ఇంట్లో సందులన్నీ బిగువుగా మూయించాను. బిల్లు తగ్గింది, వాళ్లు సంతోషించారు. మొదటి చలికాలం గడవకముందే పడకగది మూలల్లో నల్లటి బూజు పట్టింది. వంట, స్నానం, ఊపిరి నుంచి వచ్చే చెమ్మ అంతవరకు ఆ సందుల్లోంచే పోయేది. దానికి వేరే దారి చూపకుండా నేను మూసేశాను. ఆ ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడున్నాడు. నా ఖర్చుతో వంటగదికీ బాత్రూంకీ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించి, గోడలు శుభ్రం చేయించాను. ఆ తర్వాత గాలి బయటికి పోయే ఏర్పాటు లేకుండా ఏ ఇంటికీ సందులు మూయమని చెప్పలేదు. మీరూ ఆ రెండూ కలిపే చేయించండి.

యంత్రాలు దీని తర్వాత. కప్పు, నీడ, సందులు బాగుపడ్డాక ఇంటికి కావాల్సిన ఏసీ గానీ హీటర్ గానీ చిన్నదైపోతుంది. ముందే పెద్దది కొంటే ఆ డబ్బు వృథా, పైగా అవసరానికి మించిన ఏసీ మాటిమాటికీ ఆగి మొదలవుతూ తేమను సరిగా తీయలేదు. నీళ్లు కాచడానికీ గది వెచ్చబరచడానికీ హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే యంత్రం) పెట్టుకోగలిగితే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. మామూలు గీజర్‌లో ఒకటికి ఒకటే. సోలార్ చివర్న పెట్టమంటాను. వాడకం సగమయ్యాక పలకలు కూడా సగమే చాలు. మీ కప్పు ఉమ్మడిది కాబట్టి దానికి అందరి అంగీకారమూ కావాలి.

ఈ వరుస నేను కనిపెట్టింది కాదు. 1977లో కెనడాలోని రెజైనాలో ఒక ప్రయోగాత్మక ఇల్లు కట్టారు, హెరాల్డ్ ఆర్ అనే ఇంజనీరు అందులో ముఖ్యుడు. అంత చలి ప్రాంతంలో కూడా దానికి ఫర్నేస్ (ఇల్లంతా వెచ్చబరిచే కొలిమి) పెట్టలేదు. కప్పు మీద పెట్టిన సూర్యశక్తి పరికరాలు ఖరీదైనవీ తలనొప్పివీ అయి తర్వాత తీసేశారు. మందపాటి గోడలు, బిగువైన కట్టుబడి, బయటికి పోయే గాలి నుంచి వేడిని తిరిగి పట్టే ఏర్పాటు మాత్రం అసలు పని చేశాయి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ బృందం కట్టిన మొదటి పాసివ్‌హౌస్ (చాలా తక్కువ శక్తితో వెచ్చగా ఉండే ఇల్లు) కూడా ఇదే దారి పట్టింది. ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించకుండా ఇల్లు వెచ్చగా ఉండాలన్న ప్రమాణం అక్కడినుంచే వచ్చింది.

ఇక ఆదా అంచనాల గురించి. ఎవరైనా కాగితం మీద "60 శాతం తగ్గుతుంది" అని రాసిస్తే నమ్మేముందు ఆలోచించండి. అమెరికాలో 1976 నుంచి పేద కుటుంబాల ఇళ్లకు ఉచితంగా ఇన్సులేషన్ వేసే పథకం ఉంది. మిషిగన్‌లో దాన్ని ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఇంజనీర్లు లెక్కగట్టిన దానిలో సగం ఆదా కూడా రాలేదని తేలింది. జర్మనీలో చేసిన ఇంకో పరిశీలన ఇందుకు ఒక కారణం చూపిస్తుంది. పాత ఇళ్లవాళ్లు లెక్కల ప్రకారం వాడాల్సిన దానికంటే సగటున 30 శాతం తక్కువే వాడుతున్నారు. అంటే బిల్లుకు భయపడి ఇప్పటికే ఒక్క గదిలో సర్దుకుంటున్నారు, చలిలో వణుకుతున్నారు. వాళ్లు ఖర్చు చేయని డబ్బును మరమ్మతు ఎలా ఆదా చేస్తుంది?

అయినా ఆ పథకాలు దండగ అని నేననను. న్యూజిలాండ్‌లో 1,350 ఇళ్లలో చేసిన పరిశోధన ఒకటి 2007లో వచ్చింది. ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో ఉబ్బస లక్షణాలు తగ్గాయి. బడికి, పనికి వెళ్లలేని రోజులు తగ్గాయి. ఆ లాభం కరెంటు బిల్లులో కనిపించదు, కానీ కుటుంబం లెక్కలో అదీ డబ్బే. నెలలో రెండు రోజుల కూలి పోవడం ఒక ఏసీ బిల్లు కంటే పెద్ద దెబ్బ.

అద్దెకుండేవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. మరమ్మతు ఖర్చు యజమానిది, తగ్గే బిల్లు అద్దెదారుది. అందుకే యజమాని చేయడు, అద్దెదారు చేయలేడు. ఈ చిక్కుముడి విప్పడానికి దేశాలు రకరకాలుగా ప్రయత్నించాయి. జర్మనీ చట్టం యజమానిని మరమ్మతు ఖర్చులో ఏటా 8 శాతం అద్దెలో కలుపుకోనిస్తుంది. 2019కి ముందు అది 11 శాతం. ఫలితంగా బిల్లు తగ్గినదానికంటే అద్దె ఎక్కువ పెరిగి, పాత కుటుంబాలు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే 2019లో ఆ వాటా తగ్గించడంతో పాటు, ఆరేళ్ల వ్యవధిలో నెల అద్దెను చదరపు మీటరుకు 3 యూరోలకు మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. శక్తి పొదుపు పేరుతో ఒక కుటుంబం రోడ్డున పడితే, ఆ భవనానికి ఎంత మంచి రేటింగ్ వచ్చినా ఆ మరమ్మతు విఫలమైనట్టే నాకు.

ఇంగ్లండ్ ఇంకో దారి పట్టింది: 2018 నుంచి అట్టడుగు రెండు రేటింగుల ఇళ్లను కొత్తగా అద్దెకివ్వడం నిషేధం. ఫ్రాన్స్‌లో అట్టడుగు రేటింగు ఇంటికి 2025 నుంచి అదే నిషేధం. నెదర్లాండ్స్‌లో ఎనర్జీస్ప్రాంగ్ అనే కార్యక్రమం పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఫ్యాక్టరీలో తయారైన గోడ, కప్పు పలకలను తెచ్చి పాత ఇంటి మీద తొడుగులా బిగిస్తారు. అద్దెదారు అంతకుముందు ఇంధన బిల్లుగా కట్టే డబ్బునే ఇప్పుడు ఆ ఇళ్లు అద్దెకిచ్చే సంస్థకు కడతాడు, ఆ సంస్థ దాంతో మరమ్మతు ఖర్చు రాబట్టుకుంటుంది. ఆదా నిజంగా వచ్చేలా చూసే బాధ్యత కూడా చేసినవాళ్ల మీదే ఉంటుంది.

పాతవి కూల్చి కొత్తవి కట్టాలనే వాదన కూడా వినిపిస్తుంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో గ్రాన్ పార్క్ అనే చోట 530 ఫ్లాట్లున్న మూడు పాత భవనాలను లకటాన్, వసాల్ అనే వాస్తుశిల్పులు, ఇతరులతో కలిసి, కూల్చకుండా బాగుచేశారు. ముందువైపు లోతైన అద్దాల వరండాలు కలిపారు. ఎండ వేడి అక్కడ నిలిచి చలికాలంలో ఇంటికి కవచమవుతుంది. పనులు జరుగుతున్నంత కాలం జనం ఆ ఇళ్లలోనే ఉన్నారు, అద్దెలు పెరగలేదు. 2019లో ఆ పనికి యూరప్ స్థాయి వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

అపార్ట్‌మెంట్ బయటి గోడలకు ఇన్సులేషన్ వేయించే ఆలోచన ఉంటే ఒక్క విషయంలో రాజీ పడొద్దు: ఆ పదార్థం మంట అంటుకునే రకమా కాదా అని కాగితం మీద రాయించుకోండి. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయారు. మరమ్మతుల్లో గోడలకు బిగించిన పలకలు మంటను పైదాకా మోసుకెళ్లాయి. చవగ్గా వస్తుందని ఎంచుకునే చోటు అది కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. గత 12 నెలల బిల్లులు తీసి యూనిట్లు వరుసగా రాయండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల చూడండి. అది ఫ్రిజ్, లైట్లు, వేడినీళ్ల లాంటి ఏడాది పొడుగునా ఉండే వాడకం. మిగతా నెలల్లో దానికంటే ఎంత ఎక్కువ ఉందో కూడండి. కప్పు, నీడ, సందుల పనులు తగ్గించగలిగేది ఆ ఎక్కువనే. ఉదాహరణకు తక్కువ నెలలో 100 యూనిట్లు, వేసవి నెలలో 300 వస్తే మీ చేతిలో ఉన్నది 200. కాంట్రాక్టర్ 250 తగ్గిస్తానంటే అతనికి లెక్క తెలియదని అర్థం.

వాటర్‌ప్రూఫింగ్‌కు కొటేషన్ తీసుకునేటప్పుడే 5 సెంటీమీటర్ల ఇన్సులేషన్, తెల్లటి పైపొర కలిపి ఎంతవుతుందో విడిగా రాయమనండి. కూలీలు, సామాను ఎక్కించడం, పాతది తవ్వడం ఎలాగూ అవుతాయి కాబట్టి అదనంగా పడేది ఆ పలకల ఖర్చే. రెండేళ్ల తర్వాత చేద్దామనుకుంటే ఇప్పుడు వేసిన పొరను మళ్లీ తవ్వాలి. కింది అంతస్తులవాళ్లు మాకేం లాభం అంటారు, తప్పదు. కప్పు ఎండకు కాగి, చల్లారి, బీటలు వారడం తగ్గుతుందనీ, కారడం ఆగితే ఉమ్మడి రిపేరు ఖర్చు తగ్గుతుందనీ చెప్పండి. వాళ్లు కారడం వరకే ఒప్పుకుంటే, పలకల ఖర్చు ఒక్కటి మీరు పెట్టుకోండి. పై అంతస్తు ఇంటికి అది అయినా గిట్టుతుంది.

ఆ 12 నెలల యూనిట్లు, కప్పు కొలతలు, ఏ కిటికీ ఏ దిక్కుకు ఉందో ఇక్కడ రాయండి. మీ కప్పుకు ఎంత మందం చాలో, ఏ కిటికీకి ముందు నీడ కట్టాలో లెక్క వేసి చెబుతాను.